సౌండ్ పెంచితే కారు సబ్ వూఫర్ (బేస్ కోసం పెట్టే పెద్ద స్పీకర్) గరగరమంటోంది, ఎక్కడ చూడాలి?

ఎంవీపీ_సెడాన్:
12 అంగుళాల సబ్ వూఫర్, సీల్డ్ బాక్స్. సింగిల్ కాయిల్ (కోన్‌ని కదిపే తీగచుట్ట ఒక్కటే), 4 ఓమ్స్, 300 వాట్స్ ఆర్ఎంఎస్ (ఆగకుండా తట్టుకునే పవర్). మోనో యాంప్ (ఒకే చానెల్ యాంప్లిఫయర్) కూడా 4 ఓమ్స్ దగ్గర 300 వాట్లే. వాల్యూమ్ 40కి 20 దాకా బేస్ శుభ్రంగా ఉంటుంది, 25 దాటితే గరగర. ఏసీ, హెడ్‌లైట్లు వేస్తే 22 దగ్గరే మొదలవుతోంది. కారు విశాఖ ఎంవీపీ కాలనీలో ఆరుబయటే ఉంటుంది, వైరింగ్ చేయించి రెండేళ్లు. షాపువాళ్లు సబ్ మార్చేయమంటున్నారు. మల్టీమీటర్ ఉంది, ముందు ఏం చూడమంటారు?

గాజువాక_వైరింగ్:
సబ్ అప్పుడే మార్చకండి. కాయిల్ దెబ్బతింటే చాలావరకు తక్కువ సౌండ్‌లోనే తెలిసిపోతుంది. ఏసీ వేయగానే గరగర ముందుకు జరిగిందంటే అనుమానం కరెంటు మీదే.

అయినా కాయిల్ చూసేయండి, రెండు నిమిషాల పని. యాంప్ ఆపి, సబ్ వైరు ఒకటి ఊడదీసి ఓమ్స్ కొలవండి. 3.2 నుంచి 3.8 మధ్య వస్తే బాగున్నట్టే. తర్వాత డస్ట్ క్యాప్ (కోన్ మధ్యలోని గుండ్రటి మూత) చుట్టూ వేళ్లు సమానంగా ఆనించి కోన్‌ని మెల్లగా లోపలికి నొక్కండి. గీసుకుంటున్న చప్పుడు వస్తే కాయిల్ రాసుకుంటోంది, అప్పుడు షాపువాళ్ల మాట నిజం.

అది బాగుంటే వైరు మళ్లీ పెట్టేసి, ఆరుబయట ఇంజిన్ స్టార్ట్ చేసి, గరగరమనే వాల్యూమ్‌లో 50 హెర్ట్జ్ టోన్ (ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్న సౌండ్ ఫైల్) పెట్టి డీసీ వోల్ట్స్ కొలవండి. టోన్ కొన్ని సెకన్లే, లేకపోతే కాయిల్ వేడెక్కుతుంది.
– బ్యాటరీ టెర్మినళ్ల మధ్య
– బ్యాటరీ ప్లస్ నుంచి యాంప్ ప్లస్‌కి
– బ్యాటరీ మైనస్ నుంచి యాంప్ గ్రౌండ్‌కి
గ్రౌండ్ వైపు 0.2 దాటకూడదు. ప్లస్ వైపు వైరు పొడవు కాబట్టి 0.3 వచ్చినా పర్లేదు.

పెందుర్తి_సౌండ్:
బాక్స్ అంచుల దగ్గర చెయ్యి పెట్టి గాలి తగులుతోందేమో చూడండి. డిక్కీ మూతని, నంబర్ ప్లేట్‌ని ఒకరు గట్టిగా పట్టుకుని వినండి, చాలాసార్లు గరగర అక్కడిదే.

ఎంవీపీ_సెడాన్:
కాయిల్ 3.5, కోన్ గీసుకోవట్లేదు. నంబర్ ప్లేట్ పట్టుకున్నా తేడా లేదు. బ్యాటరీ 13.2, ప్లస్ వైపు 0.7, గ్రౌండ్ వైపు 1.4. గ్రౌండ్ వైరు డిక్కీలో పెయింట్ మీదే స్క్రూతో బిగించి ఉంది, చుట్టూ తుప్పు. యాంప్ మీద బేస్ బూస్ట్ ప్లస్ 6లో ఉంది.

గాజువాక_వైరింగ్:
దొరికింది. యాంప్‌కి అందేది 11.1 వోల్టులే. అంత తక్కువలో అది పూర్తి వాట్లు ఇవ్వలేక వేవ్ కొసలు తెగ్గోస్తుంది, మీరు వింటున్న గరగర అదే. పైగా 6 డీబీ బూస్ట్ ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర నాలుగు రెట్లు పవర్ అడుగుతుంది. 300 వాట్ల యాంప్ 1200 ఎక్కణ్నుంచి తెస్తుంది?

ముందు గ్రౌండ్. బ్యాటరీ మైనస్ తీసేయండి. కొత్త బోల్టుకి రంధ్రం వేయాల్సి వస్తే కింద పెట్రోల్ ట్యాంక్, పైపు లేవని చూసుకోండి. సీటు బెల్ట్ బోల్టు జోలికి పోవద్దు. రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్ద చోట ఇనుము తళతళలాడేదాకా పెయింట్ గీకి, రింగ్ టెర్మినల్, స్టార్ వాషర్ వేసి బిగించండి. బిగించాకే పైన వాజలీన్ మందంగా పూయండి. సముద్రపు గాలికి ఊరికే వదిలేస్తే మళ్లీ తుప్పే. వైరు ఒకటిన్నర అడుగు దాటకూడదు.

ప్లస్ వైపు ఫ్యూజ్ హోల్డర్ విప్పి పచ్చగా చిలుము పట్టిందేమో చూడండి. వైరులో ఒక పోగు బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా ఉంటే రాగి పూత వేసిన అల్యూమినియం, మార్చేయండి. బయట తెల్లగా, లోపల ఎర్రగా ఉంటే తగరం పూసిన రాగి, మన తీరానికి అదే మంచిది.

బ్యాటరీ మైనస్ మళ్లీ పెట్టేశాకే గెయిన్ (లోపలికొచ్చే సిగ్నల్‌ని యాంప్ ఎంత పెంచాలో పెట్టే నాబ్). బూస్ట్ సున్నా, లౌడ్‌నెస్ ఆఫ్, ఈక్వలైజర్ ఫ్లాట్, లో పాస్ ఫిల్టర్ (పెట్టిన ఫ్రీక్వెన్సీకి కింద ఉన్నవే వదిలేది) చివరిదాకా పైకి. యాంప్ ఆపి సబ్ వైర్లు ఊడదీసి, మళ్లీ ఆన్ చేసి వాల్యూమ్ 30లో 0 డీబీ (పూర్తి స్థాయిలో రికార్డ్ చేసిన), 50 హెర్ట్జ్ టోన్ పెట్టండి. మీటర్ ఏసీ వోల్ట్స్‌లో ఉంచి గెయిన్ సున్నా నుంచి మెల్లగా పెంచండి. 300ని 4తో గుణించి వర్గమూలం తీస్తే 34.6 వోల్టులు. సబ్ లేకుండా కొలుస్తున్నాం కాబట్టి 32 దగ్గర ఆపేయండి. ఫిల్టర్ మళ్లీ 80 హెర్ట్జ్‌కి తెచ్చి, యాంప్ ఆపి, సబ్ కలపండి.

పెందుర్తి_సౌండ్:
డోర్ స్పీకర్లకి కూడా 80 దగ్గర హై పాస్ (అంతకంటే కింది బేస్‌ని ఆపే ఫిల్టర్) పెట్టండి. లేకపోతే సబ్ బాగుపడ్డాక అవి గరగరమంటాయి.