పొడుగాటి ఇంగ్లీష్ మాటల రౌండ్ ఉంచాలా, తీసేయాలా?

పటమట_పద్మ:
మా అపార్ట్‌మెంట్‌లో ఆదివారాలు పిల్లల చేత స్క్రాబుల్ (గళ్ళ బోర్డు మీద అక్షరాల ముక్కలతో మాటలు పేర్చే ఆట), గళ్ళనుడికట్టు ఆడిస్తుంటాం. సంక్రాంతి సెలవుల్లో బెంజి సర్కిల్, పటమట చుట్టుపక్కల పిల్లలందరికీ ఒక పోటీ పెడదామని అనుకున్నాం. అందులో 'పొడుగు మాట' రౌండ్ ఉండాలని కొందరు తల్లిదండ్రులు పట్టుబడుతున్నారు. 20 అక్షరాలు దాటిన ఇంగ్లీష్ మాటను తప్పు లేకుండా స్పెల్లింగ్ చెప్పాలి, అంతే. మొన్న ట్రయల్ పెడితే ఆరో తరగతి పిల్లాడు న్యుమోనో-అల్ట్రా-మైక్రోస్కోపిక్-సిలికో-వోల్కనో-కోనియోసిస్ అనే 45 అక్షరాల మాటను గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. చప్పట్లే చప్పట్లు. "అంటే ఏంటి నాన్నా?" అన్నాను. "లంగ్ డిసీజ్ ఆంటీ." "ఎందుకొస్తుంది?" అంటే వాళ్ళమ్మ వైపు చూశాడు. నాకైతే ఈ రౌండ్ దండగ అనిపిస్తోంది. మీరేమంటారు?

ఏడు_ముక్కలు:
తీసేయండి. మాది గుంటూరు లక్ష్మీపురం, స్నేహితులతో స్క్రాబుల్ ఆడతాను. బోర్డు అడ్డం 15 గళ్ళు, నిలువు 15. అంతకన్నా పొడుగు మాట అందులో పట్టదు. చేతిలో ఉండేవి ఏడు ముక్కలు. ఏడూ ఒకేసారి దించితే 50 పాయింట్లు అదనం కాబట్టి ఏడెనిమిది అక్షరాల మాటలు నేర్పండి, బాగుంటుంది. కానీ ఆట తేలేది రెండక్షరాల మాటల దగ్గరే.

మొన్న నా ఎదురుగా ఆడిన అమ్మాయి ఇంగ్లీష్ గడగడా మాట్లాడుతుంది. చేతికి 'క్యు' వచ్చింది, 'యు' లేదు. ఆ ముక్కని స్టాండు మీద ఈ చివర నుంచి ఆ చివరికి జరుపుతూ ఆటంతా గడిపేసింది. బోర్డు మీద 'ఐ' దాని కోసమే అన్నట్టు ఖాళీగా ఉంది! క్యు, ఐ కలిపితే 'చీ' అని పలికే మాట. చైనా వైద్యంలో ప్రాణశక్తి అని అర్థం. క్యు విలువ 10, ఐ విలువ 1. అక్షరం విలువని మూడు రెట్లు చేసే గడిలో క్యు పడి, అడ్డంగా నిలువుగా రెండువైపులా 'ఐ' అందితే 62 పాయింట్లు వస్తాయి. చివరికి చేతిలో మిగిలిపోయిన క్యుకి ఆమె స్కోరులో 10 కోత, నాకు 10 లాభం. ఇలాంటి రెండక్షరాల మాటలు 120 పైచిలుకు ఉన్నాయి. అవి నేర్పండి ముందు.

బ్రాడీపేట_మాస్టారు:
పద్మ గారూ, రౌండ్ ఉంచండి. నేర్పే తీరు మార్చండి. పొడుగు మాటను ముక్కలుగా విడగొట్టి చూపిస్తే పిల్లలకు అది బట్టీ పట్టాల్సిన మాటే కాదు.

యాంటీ-డిస్-ఎస్టాబ్లిష్‌మెంట్-ఏరియన్-ఇజం చూడండి, 28 అక్షరాలు. ఇంగ్లండ్‌లో చర్చికి ప్రభుత్వ హోదా ఉంది. అది తీసేయాలని కొందరు, తీయొద్దని కొందరు కొట్టుకున్నారు. తీయొద్దన్నవాళ్ళ వాదానికి పేరు ఇది. ఐర్లండ్‌లో 1871లో తీసేశారు, వేల్స్‌లో 1920లో. ఇంగ్లండ్‌లో ఇప్పటికీ ఉంది. ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్ అని ఇంకోటి, 29 అక్షరాలు. ఉన్నిపోగు, అల్పమైన వస్తువు, శూన్యం, వెంట్రుక అనే లాటిన్ మాటలు నాలుగూ వరసగా పేర్చి, దేన్నైనా ఎందుకూ కొరగానిదని తీసిపారేయడానికి ఆ పేరు పెట్టారు. 1741లో షెన్‌స్టన్ అనే కవి ఒక ఉత్తరంలో వాడాడు. మనవాళ్ళు 'తృణీకరించాడు' అని ఒక్క గడ్డిపోచతో సరిపెట్టారు.

2003లో అమెరికా జాతీయ స్పెల్లింగ్ బీ (స్పెల్లింగ్ పోటీ) గెలిచిన కుర్రాడు సాయి గుంటూరి (ఇంటిపేరు చూసి మా ఊరివాళ్ళం మురిసిపోకుండా ఎలా ఉంటాం?). ఆఖరి మాట 'పోకోక్యురాంటే', దేన్నీ పట్టించుకోనివాడని అర్థం. అక్కడ మైకు ముందు నిలబడి అర్థం అడగొచ్చు, ఏ భాష నుంచి వచ్చిందో అడగొచ్చు. ఇటాలియన్ అని తెలిస్తే చివర ఏ అక్షరం ఉండాలో సగం తెలిసిపోయినట్టే.

ఊపిరి_డాక్టర్:
నేను ఛాతీ వైద్యుణ్ణి. ఆ పిల్లాడు చెప్పిన జబ్బుకి కేసు షీటు మీద మేం రాసేది సిలికోసిస్ అని. పద్మ గారు చెప్పిన ఆ 45 అక్షరాల మాట 1935లో అమెరికాలో పుట్టింది. నేషనల్ పజ్లర్స్ లీగ్ అనే పజిల్ ప్రియుల సంఘం అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్, అన్నిటికన్నా పొడుగు మాట కావాలని కూర్చాడు. తర్వాత నిఘంటువుల్లోకీ ఎక్కింది.

జబ్బు మాత్రం నిజం. రాళ్ళు కోసేచోట, క్రషర్ల దగ్గర సన్నటి సిలికా పొడి ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టి గట్టిపడతాయి. మళ్ళీ మామూలు స్థితికి రావు. పైగా టీబీ వచ్చే అవకాశం పెరుగుతుంది. చీమకుర్తి గ్రానైట్ మన ఇళ్ళలో ఎక్కడ చూసినా ఉంటుంది కదా, ఆ రాయిని నీళ్ళు పోస్తూ కోయమనీ, మాస్కు పెట్టుకోమనీ చెప్పేది ఇందుకే. ఆ మాట స్పెల్లింగ్ చెప్పేంత సేపట్లో ఈ సంగతి చెప్పొచ్చు. మాస్టారి పద్ధతిలో విడగొడితే 'కోని' అంటే గ్రీకులో ధూళి. ఆ ముక్క తెలిస్తే న్యుమోకోనియోసిస్ (ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) అని మేం నిజంగా వాడే మాట కూడా పిల్లలకు అర్థమైపోతుంది.

చంపూ_ప్రియ:
పొడుగు మాటలంటే ఇంగ్లీషువేనా? విజయనగర కాలంలో తిరుమలాంబ రాసిన వరదాంబికా పరిణయ చంపువులో (పద్యం, గద్యం కలిసిన కావ్యం) కంచి ప్రాంతాన్ని వర్ణిస్తూ 195 అక్షరాల సంస్కృత సమాసం ఒకటుంది. గిన్నిస్ పుస్తకంలోకీ ఎక్కింది. 45 దగ్గరే ఆయాసపడితే ఎలా?

ఆటోనగర్_అమ్మ:
ఆ ఆరో తరగతి పిల్లాడు మావాడే. క్లాసులో లేచి పేరు చెప్పమంటేనే నేలచూపులు చూసేవాడు. ఆ మాట నేర్చుకున్నాక చుట్టాలింట్లో తనే ముందుకొచ్చి చెబుతున్నాడు. ఎలాగూ ఇంకో రెండేళ్ళలో ఐఐటీ ఫౌండేషన్, ర్యాంకులు, టెన్షన్ మొదలవుతాయి. ఈలోగా నాలుగు చప్పట్లు కొట్టించుకుంటే ఎవరికి నష్టం? అర్థం చెప్పలేకపోయాడని నలుగురిలో రాయడం ఏం బాగుందండీ?

పటమట_పద్మ:
పేరు రాయలేదు కదండీ. బాబుని నేనేమీ అనలేదు. అడగని ప్రశ్నకి వాడెందుకు తయారవుతాడు? నేనన్నది రూలు గురించి. స్పెల్లింగ్‌కి సగం మార్కులు, ముక్కలు విడగొట్టి అర్థం చెబితే మిగతా సగం అని పెడితే మీకు ఓకేనా?

ఏడు_ముక్కలు:
అలాగైతే నైజెల్ రిచర్డ్స్ మన పటమటలో తొలి రౌండ్‌లోనే ఇంటికి పోతాడు. న్యూజిలాండ్ ఆయన, ఫ్రెంచి మాట్లాడటం రాదు. ఆ భాష మాటల పట్టిక బట్టీ కొట్టి 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ టైటిల్ గెలిచాడు, 2024లో స్పానిష్‌దీ కొట్టాడు. బట్టీని మరీ అంత చులకన చేయకండి. నా గొడవల్లా పొడుగు మాటలతోనే.

బ్రాడీపేట_మాస్టారు:
పోతే పోనివ్వండి. ఆయన గెలిచింది లెక్కల ఆట. మనం పిల్లలకు నేర్పేది భాష.

ఏడు_ముక్కలు:
స్క్రాబుల్ లెక్కల ఆటంటారా? దీనికి వేరే చర్చ పెడతాను మాస్టారూ, రండి.

ఆటోనగర్_అమ్మ:
పద్మ గారూ, సగం సగం అయితే ఒప్పుకుంటాను. డాక్టర్ గారు రాసింది మావాడికి చదివి వినిపించాను. మా కింది ఫ్లాట్‌లో టైల్స్ కోస్తున్నారు. "మరి ఆ అంకుల్‌కి మాస్కు లేదేం?" అని అడుగుతున్నాడు.

ఊపిరి_డాక్టర్:
కటింగ్ మిషన్ మీద నీళ్ళు పడేలా పెట్టమనండి. గుడ్డ కట్టుకుంటే ఆ పొడి ఆగదు, ఎన్95 మాస్కు కావాలి. మీరు కిటికీలు మూసుకోండి.

పటమట_పద్మ:
చంపూ_ప్రియ గారూ, ఆ 195 అక్షరాలు టైప్ చేసి పంపగలరా? పెద్దల రౌండ్‌లో పెడతాను.