చెరువు మట్టికి పెచ్చులు, గ్రానైట్ పొడి గ్లేజ్ కరగట్లేదు – ఏం చేయాలె?

ప్రశ్న (దేవరకొండ నుంచి)
మా గుట్టల బండల రంగు, గరుకుదనం వచ్చేటట్టు గిన్నెలు, పళ్లేలు చేయాలని ప్రయత్నం. మట్టి చెరువుది, 30 మెష్ (అంగుళానికి 30 కన్నాల) జల్లెడ పట్టినది. గ్లేజ్‌కు (పాత్ర మీద కరిగి గాజులా అయ్యే పూతకు) గ్రానైట్ కోసే యూనిట్ నుంచి తెచ్చిన పొడి, తుమ్మ కట్టెల బూడిద సగం సగం. కరెంటు బట్టీలో 1000 డిగ్రీలకు కాలుస్తున్న. తీసినప్పుడు బాగానే ఉన్న గిన్నెలకు వారం తర్వాత పెసరగింజంత పెచ్చులు లేస్తున్నయి, లోపల తెల్ల చుక్క. గ్లేజేమో గోరు తగిలితే పిండిలా రాలుతుంది. కొన్న గ్లేజ్ వాడొద్దని నా పట్టుదల. దారి చెప్పండి.

జవాబు 1
తెల్ల చుక్క సున్నం అన్నా. నల్లరేగడి పొలాల నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రులో సున్నపు గడ్డలు ఉంటయి. 850 దాటాక అవి పొడి సున్నంగా మారతాయి, తర్వాత గాలిలోని తేమ పీల్చి ఉబ్బి పెచ్చును బయటికి తోస్తయి. ఎండిన మట్టి మీద వెనిగర్ చుక్కలు వేయండి, బుసబుస పొంగితే అదే. 30 మెష్ చాలదు. మట్టిని నీళ్లలో పలచగా కలిపి 80 మెష్‌లో వడకట్టండి. సున్నం పూర్తిగా పోదు కానీ మెత్తటి పొడి అయితే కాలేటప్పుడే మట్టితో కలిసిపోతుంది, గడ్డ అయితేనే తంటా. ఇప్పటికే కాల్చినవి ఉంటే, బట్టీ నుంచి గోరువెచ్చగా తీసిన వెంటనే నీళ్లలో ముంచి బుడగలు ఆగేదాకా ఉంచండి. చిన్న చుక్కలకు పనిచేస్తుంది, పెద్ద గడ్డలకు కాదు.

జవాబు 2
గ్లేజ్ సంగతి. 1000 డిగ్రీల దగ్గర మీ పట్టుదల చెల్లదు. గ్రానైట్‌లో ఫెల్స్‌పార్ (ఎక్కువ వేడికి కరిగే ఖనిజం), పలుగురాయి ఉంటాయి, కట్టె బూడిదలో ఎక్కువ భాగం కాల్షియం. ఈ జోడీ సరిగ్గా కరగాలంటే 1240 నుంచి 1280 కావాలి. 1000–1050లోనే ఆగాలంటే సీసం లేని బోరాక్స్ ఫ్రిట్ (ముందే కరిగించి పొడి చేసిన గాజు) 65, గ్రానైట్ పొడి 25, బాల్ క్లే (లేత రంగుకు కాలే జిగట మట్టి) 10 పాళ్లతో మొదలుపెట్టండి. చౌక అని సీసం ఉన్న ఫ్రిట్ ముట్టుకోవద్దు. చింతపండు పులుసు పోసే గిన్నెలకు అసలే వద్దు.

ఇంకో మాట, ఆ పొడి ఏ మిషన్ కిందిదో అడగండి. గ్యాంగ్‌సా (ఒకేసారి చాలా పలకలు కోసే రంపం) బురదలో ఉక్కు రవ్వ, సున్నం కలిసి ఉంటాయి. ఉక్కు అయస్కాంతానికి వస్తుంది, సున్నం రాదు. పాలిష్ బురదలో సిలికాన్ కార్బైడ్ (రాయిని అరగదీసే గట్టి రవ్వ) ఉండొచ్చు, అది గ్లేజ్‌లో వాయువు వదిలి బొబ్బలు లేపుతుంది. డైమండ్ బ్లేడ్ కోత నీళ్ల తొట్టి అడుగున చేరిన పొడి మేలు. పొడిగా జల్లించేటప్పుడు ఎన్95 మాస్క్ తప్పనిసరి, సిలికా దుమ్ము ఊపిరితిత్తులను పాడు చేస్తుంది.

ప్రశ్న వేసినవారు
1260 పోయే బట్టీ అద్దెకు దొరుకుతుంది. అదే చెరువు మట్టి, బూడిద బదులు మిర్యాలగూడ మిల్లు ఊక బూడిద పెడితే?

జవాబు 3
రెండూ వద్దు. ఊక బూడిదలో దాదాపు అంతా సిలికానే. కరిగించదు సరికదా, కరగడాన్ని ఇంకా కష్టం చేస్తుంది. కట్టె బూడిదతో పాటు కొద్దిగా వేస్తే పాలలాంటి తెలుపు వస్తుంది, కానీ ముందు దాన్ని తెల్లబడేదాకా కాల్చాలి. చెరువు మట్టి ఆ వేడికి కుంగి, ఉబ్బి, షెల్ఫ్‌కు అంటుకుంటుంది. గిన్నెకు స్టోన్‌వేర్ మట్టి (ఎక్కువ వేడికి తట్టుకుని గట్టిపడేది) 75, చెరువు మట్టి 25 కలపండి. ఇనుము వల్ల గోధుమరంగు వస్తుంది, మీక్కావలసింది అదే కదా.

గ్లేజ్‌కు గ్రానైట్ 50, కట్టె బూడిద 35, బాల్ క్లే 15. బూడిద చేతులు మండిస్తుంది, గ్లౌజులు వేసుకోండి. 100 మి.లీ. గ్లేజ్ 145 గ్రాములు తూగేటంత చిక్కగా ఉంచండి.

అసలు మజా వేరే ఉంది: ఆ వేడికి చెరువు మట్టే గ్లేజ్! జల్లించిన మట్టి 80, కట్టె బూడిద 20 కలిపి పూస్తే ముదురు గోధుమ, నలుపు వస్తుంది. గరుకుకు మహబూబ్‌నగర్ వైపు దొరికే ఫెల్స్‌పార్‌ను 1–3 మి.మీ. రవ్వగా కొట్టి గిన్నె చేసే మట్టిలో 5–8 శాతం కలపండి. జపాన్ షిగారకి పాత్రల మీద కనిపించే తెల్ల బొడిపెలు ఇవే.

బూడిద గ్లేజ్ కారుతుంది. అడుగున ఒక సెంటీమీటర్ పూయకుండా వదలండి, మొదటి నమూనా పలకలను పనికిరాని సాసర్‌లో నిలబెట్టి కాల్చండి. లేకపోతే అద్దె బట్టీ షెల్ఫ్ ఖర్చు మీదే.