నినాదమా, మకుటమా? పాత కార్ల ప్రకటన మాటల మీద ఒక చర్చ

అనువాదకుడు (మొదటి టపా):
అందరికీ నమస్కారం. పాత కారు కంపెనీల ప్రకటన వాక్యాల మీద ట్రేడ్‌మార్క్ హక్కుల గురించి ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. మొదటి పేరాలోనే బండి దిగబడింది. స్లోగన్ అంటే నిఘంటువులో నినాదం అని ఉంది, ట్రేడ్‌మార్క్ అంటే వాణిజ్య చిహ్నం అని ఉంది. రెండూ కలిపి 'నినాద వాణిజ్య చిహ్నం' అని రాసి, పైకి చదువుకుని, నాకు నేనే నవ్వుకున్నాను. చిహ్నం అంటే నాకు బొమ్మ కనిపిస్తుంది. నినాదం అంటే కలెక్టరాఫీసు ముందు టెంటు కనిపిస్తుంది. కారు అమ్ముకునేవాడి మాటకు రెండూ అతకడం లేదు.

వ్యాసంలో ముఖ్యంగా ఉన్నది ఆడి కార్ల కంపెనీ జర్మన్ వాక్యం: 'ఫోర్‌ష్‌ప్రుంగ్ డుర్ష్ టెష్నిక్'. 1971లో ప్రకటనల్లోకి వచ్చిందట. 'సాంకేతికత ద్వారా పురోగతి' అని పెడితే ప్రభుత్వ పథకం పేరులా ఉంది. రెండు రోజులుగా ఇక్కడే ఆగిపోయాను. కాస్త చెయ్యి వేయండి.

స్టుట్‌గార్ట్ అక్క:
తమ్ముడూ, పురోగతి వద్దు. 'ఫోర్' అంటే ముందు, 'ష్‌ప్రుంగ్' అంటే గెంతు. నువ్వు ముందుకు గెంతితే వెనకవాడికీ నీకూ మధ్య ఎడం వస్తుంది చూడు, ఆ ఎడం పేరే ఫోర్‌ష్‌ప్రుంగ్. ఇక్కడ ఓట్ల లెక్కింపు రాత్రి టీవీలో ఫలానా పార్టీకి ఇంత ఫోర్‌ష్‌ప్రుంగ్ ఉంది అంటారు. మన టీవీల్లో ఆ రోజు ఏమంటారు? 'ముందంజలో ఉన్నారు'. నీ మాట నీ ఇంట్లోనే ఉంది.

టెష్నిక్ కూడా సాంకేతికత అంత పొడి మాటేమీ కాదు. యంత్రమూ, దాన్ని చేసే నేర్పూ రెండూ అందులో ఉన్నాయి. నన్నడిగితే 'పనితనంతో ముందంజ'.

తెనాలి మాస్టారు:
అమ్మాయి బాగా పట్టింది. అంజ అంటే అడుగు. ముందు, అంజ కలిస్తే ముందంజ, ఉత్వ సంధి. వెనుక, అంజ కలిస్తే వెనుకంజ, అత్వ సంధి. విడిగా 'అంజ' అనేవాళ్లు ఇవాళ ఎవరూ లేరు, ఈ జంటలోనే అది బతికి ఉంది. వాడుకలో చిన్న తేడా గమనించండి: వెనుకంజ 'వేస్తాం', ముందంజ'లో ఉంటాం'. ఒకదాంట్లో అడుగు ఇంకా అడుగే, రెండోదాంట్లో అది చోటైపోయింది. జర్మన్‌లో గెంతు కాస్తా ఎడం అయినట్టే.

ఇక స్లోగన్. అది స్కాట్లండ్ గేలిక్ భాష నుంచి వచ్చిన మాట. సేన, కేక అనే రెండు మాటలు కలిసి యుద్ధంలో సేన వేసే కేక. నినాదం అంటే సంస్కృతంలో ధ్వని, మోత. కేకకు మోత సరిపోయింది, నిఘంటువు తప్పేమీ లేదు. కానీ నీ వ్యాసంలో ఉన్నది కేక కాదు నాయనా. ప్రతి ప్రకటన చివరా మారకుండా వచ్చి 'ఇది ఫలానావారిది' అని చెప్పే మాట. దానికి మనవాళ్లు ఏనాడో పేరు పెట్టారు: మకుటం. శతకంలో పద్యానికీ పద్యానికీ విషయం మారుతుంది, మకుటం మారదు. చివర 'వినుర వేమ' అని వినపడితే చాలు, పై మూడు పాదాల్లో ఏమున్నా వేమనదే అనుకుంటాం.

లాయరు తమ్ముడు:
మాస్టారూ, ట్రేడ్‌మార్క్ చట్టం మొత్తం మీరే చెప్పేశారు. సరుకు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చెప్పడమే మార్కు పని. మన 1999 చట్టంలో మార్కు అంటే బొమ్మ ఒక్కటే కాదు, పేరు, సంతకం, మాట, అక్షరం, అంకె, శీర్షిక కూడా. అంచేత 'చిహ్నం' అనే అనువాదమే ఇరుకు చొక్కా. ట్రేడ్‌మార్క్ అనే ఉంచేయండి, అందరికీ తెలిసిందే.

ఆడి గొడవంతా ఇక్కడే. కార్ల వరకు ఆ వాక్యం అప్పటికే నమోదై ఉంది. 2003లో గడియారాలు, బట్టలు, ఆటబొమ్మలు, రకరకాల సేవలకు కూడా కావాలని కంపెనీ దరఖాస్తు పెట్టింది. యూరప్ ట్రేడ్‌మార్క్ ఆఫీసు కార్లకు సరే గాని మిగతావాటికి చాలావరకు కుదరదు పొమ్మంది. దాని వాదన తేలిక: ఇది సొంత డబ్బా, మేం ముందున్నామని ఏ కంపెనీ అయినా చెప్పుకుంటుంది, విన్నవాడికి పొగడ్త వినపడుతుంది గాని సంతకం కనపడదు. 2008లో కింది కోర్టు ఔనంది. 2010 జనవరి 21న లక్సెంబర్గ్‌లోని పై కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. ఒకే వాక్యం పొగడ్తా కావచ్చు, సంతకమూ కావచ్చు అంది. ఈ మూడు మాటల అర్థం వినగానే చేతికందదు, వినేవాడు కాస్త ఆలోచించి అల్లుకోవాలి, అందుకే మనసులో నిలుస్తుంది అంది. ఏళ్ల తరబడి వాడటం వల్ల జనానికి ఆడియే గుర్తొస్తుందని కూడా అంది.

అన్నా, నువ్వు రెండు రోజులు ఆగిపోయానన్నావు చూడు, కోర్టు చెప్పిన కారణం సరిగ్గా అదే. 'మంచి కార్లు, తక్కువ ధర' అని ఉంటే రెండు నిమిషాల్లో అనువాదం చేసి పడేసేవాడివి. అలాంటిదానికి నమోదూ దొరికేది కాదు.

స్టుట్‌గార్ట్ అక్క:
ఇంకో ముక్క. 1982లో ఈ వాక్యాన్ని ఇంగ్లండు ప్రకటనల్లోకి తెచ్చింది జాన్ హెగార్టీ అనే అక్కడి ప్రకటనల నిపుణుడు. జర్మనీలో ఇంగోల్‌ష్టాట్ ఊళ్లో ఉన్న ఆడి ఫ్యాక్టరీ చూడటానికి వెళ్లినప్పుడు గోడ మీద వెలిసిపోయిన పాత పోస్టర్‌లో కనపడిందట. ఇంగ్లీషులోకి మార్చకుండా జర్మన్‌లోనే వదిలేశారు. విన్నవాళ్లలో చాలామందికి అర్థం తెలియదు, ఎవరి మాటో మాత్రం తెలుసు.

తెనాలి మాస్టారు:
అర్థం తెలియకపోయినా కర్త తెలియడం! మకుటం పని అదే కదా. అయితే మకుటాల్లో రెండు జాతులున్నాయి. 'వేమ' అన్నప్పుడు పేరు అందులోనే ఉంది. 'సుమతీ' అన్నప్పుడు లేదు, అది బద్దెనదని ఎవరో చెబితేనే తెలుస్తుంది. మన స్కూటర్ల కాలపు 'హమారా బజాజ్' వేమన జాతి. ఆడి వాక్యం సుమతి జాతి. రెండోదాన్ని కాపాడుకోవడమే కష్టం.

వేమన జాతికీ ఒక తిప్పలుంది లెండి. ఎవరెవరో రాసి చివర ఆయన మకుటం తగిలించారు. బ్రౌన్ దొర 1829లో అచ్చు వేసేనాటికే, ఏది ఆయనదో ఏది కాదో తేల్చలేని తంటా.

లాయరు తమ్ముడు:
దాన్నే మేం పాసింగ్ ఆఫ్ అంటాం మాస్టారూ. మన సరుకును ఇంకొకరి సరుకని నమ్మించి చెలామణీ చేయడం. నమోదు లేకపోయినా దీని మీద కోర్టుకెళ్లొచ్చు. వేమన వెళ్లలేదు, అంతే.

ఆటోనగర్ బాబాయ్:
చదువుకున్నవాళ్ల మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. బెజవాడలో నా షెడ్డు గోడ మీద మా నాన్న కాలం నాటి పాత కార్ల క్యాలెండరు కాగితం ఒకటి అద్దం కట్టించి ఉంది. ప్యాకార్డ్ అనే అమెరికా కారు, ముందు జాలీ నిలువుగా గుడి తలుపులా ఉంటుంది. కింద వాళ్ల మాట: 'ఆస్క్ ద మ్యాన్ హూ ఓన్స్ వన్'. 1900ల మొదటి ఏళ్ల నుంచీ వాళ్లు అదే వాడారంట. ఆ పేరుతో చివరి కారు 1958లో వచ్చింది. నా కుర్రాడు దాన్ని తెలుగులో 'ఉన్నవాణ్ణి అడగండి' అన్నాడు. ఉన్నవాడంటే మనకు డబ్బున్నవాడే కదా! ఆ కారుకైతే ఆ అర్థం కూడా సరిపోయిందనుకోండి. సరే, కారే పోయాక ఆ మాట ఎవరిది?

లాయరు తమ్ముడు:
బాబాయ్, ట్రేడ్‌మార్క్ పొలం పట్టా లాంటిది కాదు, కౌలు లాంటిది. సాగు చేస్తేనే నిలుస్తుంది. మన దేశంలో పదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. చేయించినా, అయిదేళ్ల మూడు నెలలకు పైగా వాడకుండా పడేస్తే తీసేయమని ఇతరులు అర్జీ పెట్టుకోవచ్చు. యూరప్‌లో గడువు అయిదేళ్లు. అమెరికాలో వరసగా మూడేళ్లు వాడకపోతే వదిలేసినట్టే అనుకుంటారు, కాదని నిరూపించుకునే బరువు యజమానిది. అయితే అర్జీ పెట్టేవాడు లేకపోతే రిజిస్టరులో దానంతట అది చెరిగిపోదు. అందుకే కారు ఆగిన వెంటనే మాట వీధిన పడిందనుకోవద్దు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. 2017లో ఆ పేరును ప్యూజో కంపెనీకి 80 కోట్లకు అమ్మారు. ఒక్క కారు కూడా తయారుకాని రోజుల్లో!

అనువాదకుడు:
'పనితనంతో ముందంజ' ఖాయం చేశాను. స్లోగన్ వచ్చినచోటల్లా 'ప్రకటన మకుటం' అని పెడుతున్నాను, మొదటిసారి వచ్చినప్పుడు ఒక వాక్యంలో వివరించి. బాబాయ్ చెప్పిన ప్యాకార్డ్ కూడా వ్యాసంలో ఉంది, దానికింకా తెలుగు దొరకలేదు. 'యజమానిని అడగండి' అంటే అద్దెకు ఇల్లు చూసుకున్నట్టుంది.

తెనాలి మాస్టారు:
'కొన్నవాణ్ణి అడగండి' అను నాయనా. ఒక్క అక్షరం మారిస్తే డబ్బు గోల పోతుంది.

ఆటోనగర్ బాబాయ్:
బాగుంది మాస్టారూ. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాణ్ణి మాత్రం అడక్కండి, అరగంట దాకా వదలడు.