పెన్సిలిన్ గోడను కూల్చదు కదా, మరి బాక్టీరియా ఎందుకు పగులుతుంది?

విజయనగరంలో ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెబుతాను. నిన్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకు తడుముకున్నాను. తెలిసినవారు ఆదుకోండి.

బాక్టీరియా కణకవచంలో, అంటే కణం చుట్టూ ఉండే గోడలో, చక్కెర గొలుసులను పొట్టి పెప్టైడ్‌లు (అమైనో ఆమ్లాల గొలుసులు) అడ్డంగా ముడివేస్తాయి. ఆ ముడి వేసేది ట్రాన్స్‌పెప్టిడేజ్ ఎంజైమ్. పెప్టైడ్ కొసనున్న రెండు డి-అలనిన్ అనే అమైనో ఆమ్లాల రూపు పెన్సిలిన్‌కూ ఉంటుంది. ఎంజైమ్ మోసపోయి దాన్ని పట్టుకుంటుంది, ఇక వదల్లేదు. ఇంతవరకు బోర్డు మీద బొమ్మ గీసి బాగానే చెప్పాను, కాస్త గర్వంగా కూడా.

అప్పుడు ఆ అమ్మాయి లేచింది. "1713లో మొదలైన మన కోట మేస్త్రీలు ఎప్పుడో పోయారు, గోడ నిలిచే ఉంది కదా సార్? కొత్త ముడి పడకపోతే పాత కవచం ఎందుకు పగలాలి?"

పెరిగేందుకు బాక్టీరియా తన కవచాన్ని తానే అక్కడక్కడ కోసుకుంటుందని, కోత సాగి అతుకు ఆగితే లోపలి పీడనానికి పగులుతుందని చెప్పాను. ఆమె వదల్లేదు: "అతుకు ఆగిందని తెలిసి కోత ఎందుకు ఆగదు?"

నా దగ్గర జవాబు లేదు. కోత ఎంజైమ్‌లను అదుపు చేసేది ఏమిటి? పెరగకుండా నిద్రాణంగా ఉన్న బాక్టీరియా పెన్సిలిన్‌కు లొంగకపోవడానికి కారణం ఇదేనా? వాంకోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్ ఎంజైమ్‌ను వదిలి ఆ డి-అలనిన్ కొసనే కప్పేస్తుంది. అక్కడా పగులుడు ఇలాగే జరుగుతుందా? సోమవారం మళ్లీ క్లాసు ఉంది.