అప్‌డేట్: అమ్మాయికి ఎఫ్-1 (స్టూడెంట్ స్టేటస్) వచ్చిందండీ

మార్చిలో అడిగాను: ఆరేళ్లప్పుడు మాతో అమెరికా వచ్చిన మా అమ్మాయికి కాలేజీ మూడో ఏడులో 21 నిండబోతున్నాయి, హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా, పిల్లలకు 21 వరకే) పోతే చదువు గతేంటని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

డాకా (చిన్నప్పుడే అమెరికా వచ్చి, కాగితాల్లేకుండా ఉన్నవాళ్లను వెనక్కి పంపకుండా ఆపే పథకం) సంగతి ఒకరు అడిగారు. లాయర్ ఐదు నిమిషాల్లో తేల్చేశారు: 2012 జూన్ 15 నాటికి లీగల్ స్టేటస్ లేనివాళ్లకే అది. మా పిల్ల వచ్చిందే వీసాతో, సరే. కానీ పద్ధతిగా వీసాతో వచ్చినవాళ్లకే దారి లేకపోవడం విడ్డూరం కాదూ!

గ్రీన్ కార్డు కోసం పిల్లల వయసు లెక్కేసేటప్పుడు అందులోంచి ఐ-140 (కంపెనీ మన తరఫున వేసే గ్రీన్ కార్డు పిటిషన్) పెండింగ్ కాలం తీసేసే చట్టం ఉందన్నారు కదా. మాది ప్రీమియంలో (అదనపు ఫీజు కడితే త్వరగా తేల్చే పద్ధతి) రెండు వారాల్లోనే అప్రూవ్ అయింది. అంటే తగ్గేది రెండు వారాలే! పైగా ఇండియావాళ్ల గ్రీన్ కార్డు క్యూ ఎప్పటికి కదిలేను?

చివరికి కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో ఐ-20 (ఎఫ్-1కి కాలేజీ ఇచ్చే పత్రం) తీసుకుని, పుట్టినరోజుకు రెండు నెలల ముందే ఐ-539 (స్టేటస్ మార్పు దరఖాస్తు) వేశాం. మొదట వేరే కౌంటర్‌లో "మీకేం అక్కర్లేదు" అని పంపేశారు. ఆ మాట నమ్మి ఊరుకుంటే మునిగేవాళ్లం. అప్రూవల్ వచ్చేదాకా క్యాంపస్‌లో పని చేయకూడదు కాబట్టి లైబ్రరీ ఉద్యోగం ఒకటి చేజారింది. ఇప్పుడు సెమిస్టర్‌లో వారానికి 20 గంటలు చేసుకోవచ్చు. కంప్యూటర్ సైన్స్ కాబట్టి డిగ్రీ అయ్యాక ఓపీటీ (చదివిన రంగంలో పని చేసేందుకు అనుమతి) ఏడాది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్ చదువులు) కింద ఇంకో రెండేళ్లు.

మావాడికి 17. వాడి ఫైలు ఇప్పుడే తెరిచాను.