విశాఖ–అరకు–పాడేరు సైకిల్ లూప్: ఎటు నుంచి ఎక్కితే మేలు?

అందరికీ నమస్కారం. డిసెంబరులో ఒక శనివారం తెల్లవారుజామున నేనూ మా బావా విశాఖలో బయల్దేరి కొత్తవలస, శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా అరకు చేరదామనుకుంటున్నాం. రాత్రికి అక్కడే టెంటు. ఆదివారం పాడేరు, వడ్డాది, చోడవరం మీదుగా ఇల్లు.

నా బెంగంతా పాడేరు ఘాట్ దిగడం గురించే. మావి రిమ్ బ్రేకులు (చక్రం అంచునే నొక్కి పట్టేవి), డిస్కులు కావు. టెంటు, దుప్పట్లు, స్టవ్వు కలిపి వెనక ఒక్కో సైకిల్‌కి 12 కిలోల దాకా పడుతుంది. అంత బరువుతో వంపు తర్వాత వంపు బ్రేకు పట్టుకునే దిగితే రిమ్ము వేడెక్కి ట్యూబు పేలుతుందని భయం. ఆ ఘాట్‌లో దారి పక్కనుండే అమ్మవారి పాదాల గుడి దగ్గర కాసేపు ఆగి చల్లారనిస్తే సరిపోతుందా? లేక తిరగేసి, పాడేరు వైపు నుంచి ఎక్కి అనంతగిరి వైపు దిగడం నయమా? అటైతే శని, ఆదివారాల్లో టూరిస్టు కార్లు ఎక్కువ, పొద్దున్నే మంచు కూడా. ఎదురుగా వచ్చే బస్సు దగ్గరికొచ్చేదాకా కనపడదు.

కిరండూల్ రైల్లో సైకిళ్లు వేసుకుని అరకులో దిగిపోదామంటాడు బావ. నాకైతే సముద్రం దగ్గర మొదలుపెట్టి అనంతగిరి దాటాక వచ్చే గాలికొండ వ్యూపాయింట్ దాకా తొక్కుకుంటూనే ఎక్కాలని ఉంది.

ఈ దారిలో లగేజీతో తిరిగినవాళ్లు చెప్పండి: 32 మి.మీ. టైర్లు చాలతాయా? అరకు–పాడేరు మధ్య రోడ్డు ఇప్పుడెలా ఉంది? అరకులో అడిగి టెంటు వేసుకోదగ్గ చోటు ఏదైనా ఉందా?