నాన్నగారితో హువా హిన్‌కి: గోల్ఫ్ ఆడడానికి ఏప్రిల్ మంచిదేనా?

ప్రశ్న (విశాఖపట్నం నుంచి)

నమస్కారమండీ. మా నాన్నగారికి 67 ఏళ్లు. వాల్తేరు డివిజన్‌లో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. గోల్ఫ్ రిటైరయ్యాకే నేర్చుకున్నారు. ఇప్పుడు వారానికి మూడు రోజులు పొద్దున్నే ఈస్ట్ పాయింట్ క్లబ్బుకి వెళ్లి ఆడకపోతే ఆయనకి రోజు గడవదు. ఇంతవరకు దేశం దాటలేదు.

అమ్మానాన్నల పెళ్లయి వచ్చే ఏడాదికి 40 ఏళ్లు. తమ్ముడూ నేనూ కలిసి వాళ్లని థాయ్‌లాండ్‌లో హువా హిన్ తీసుకెళ్దామనుకుంటున్నాం. పిల్లల పరీక్షలయ్యాక ఏప్రిల్ అయితే అందరం వెళ్లొచ్చు. నాన్నకి బీపీ ఉంది, మాత్రలు వాడుతున్నారు. ఎడమ మోకాలు నొప్పి. విశాఖ ఉక్కపోత అలవాటే కదా, ఏప్రిల్‌లో ఇబ్బంది ఉండదంటారా? కిట్ ఇక్కడినుంచి మోసుకెళ్లాలా? అక్కడ కాడీ తప్పనిసరి అట. ఇక్కడ ఆయన బ్యాగ్ ఆయనే లాక్కుంటారు, ఇంకొకరి చేత మోయించడం ఆయనకి మొహమాటం. అమ్మ ఆడదు, శుద్ధ శాకాహారి. అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు.

జవాబు (హైదరాబాద్ నుంచి)

హువా హిన్ కన్నా ఫుకెట్ చూడండి. అక్కడి బ్లూ కెన్యన్ గోల్ఫ్ కోర్స్‌లో ఆడితే ఆ సంతోషమే వేరు. 1998లో టైగర్ వుడ్స్ ఆఖరి రోజు ఎనిమిది స్ట్రోకులు వెనకబడి ఉండి, ఎర్నీ ఎల్స్‌ని ప్లేఆఫ్‌లో ఓడించింది అక్కడే. టైగర్ వాళ్లమ్మగారిది థాయ్‌లాండే కాబట్టి అక్కడి కాడీలు ఆ సంగతి ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టు చెబుతారు. ఖర్చు మాత్రం ఎక్కువే.

జవాబు (సికింద్రాబాద్ నుంచి)

అమ్మా, నేను మీ నాన్నగారి వయసువాణ్ణే. బ్యాంకులో చేసి రిటైరయ్యాను. హువా హిన్‌కి మూడుసార్లు వెళ్లాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. ఏప్రిల్ వద్దు. మా రెండో ప్రయాణం ఏప్రిల్‌లోనే. నేనూ మా వియ్యంకుడుగారూ కలిసి వెళ్లాం. పొద్దుటి టీ టైమ్‌లు (ఆట మొదలుపెట్టే వేళలు) దొరకలేదని 11 గంటలది తీసుకున్నాం. ఆయనకీ బీపీ ఉంది, మాత్ర వేసుకునే బయల్దేరారు. 12వ హోల్ అయ్యేసరికి మాట తగ్గిపోయింది. 13వ టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) దగ్గర బంతి పెట్టడానికి వంగిన మనిషి లేవలేకపోయారు. నేను ఇంకా ఏం జరిగిందో అర్థం కాక చూస్తున్నాను, ఆయన కాడీ అప్పటికే గొడుగు పట్టేసింది. ఐస్ డబ్బాలోంచి తడి తువ్వాలు తీసి మెడ వెనక వేసింది, బూట్ల లేసులు విప్పింది, కార్టులో (కోర్సులో తిరిగే చిన్న బండి) పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టింది. మేం చెబితే చేసింది కాదు. ఆ రోజు ఆ అమ్మాయే లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడ.

ఆయన వేసుకునే మాత్ర ఒంట్లో నీరు తీసే రకమట. ఊరికి తిరిగొచ్చాక డాక్టరుగారు చెప్పారు. చెమట రూపంలో పోయేది ఒకటి, మాత్ర వల్ల పోయేది ఇంకొకటి. అందుకని మీ నాన్నగారి మాత్ర ఏ రకమో బయల్దేరే ముందే డాక్టర్ని అడగండి. సొంతంగా మానేయడం, తగ్గించడం మాత్రం చేయనివ్వొద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇక్కడినుంచే పట్టుకెళ్లండి. విశాఖ ఉక్క అలవాటే అన్నారు, నిజమే. కానీ విశాఖలో ఆయన ఎండ ముదరకముందే ఇంటికొచ్చేస్తారు కదా.

జనవరిలో వెళ్లండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ హాయిగా ఉంటుంది. పిల్లలకి సంక్రాంతి సెలవులు ఎలాగూ ఉంటాయి. కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి పండగ మూడు రోజులూ ఇంట్లోనే చేసుకుని ఆ తర్వాత బయల్దేరితే అమ్మగారికీ లోటుండదు. బడి రెండు మూడు రోజులు పోతుంది, అంతే. కాకపోతే అందరూ వచ్చే సీజన్ అదే కాబట్టి ఏడు గంటల లోపు టీ టైమ్‌లు ముందే బుక్ చేసుకోవాలి.

ఇక ఏ కోర్స్ అంటే, మీ నాన్నగారు రైల్వే మనిషి అన్నారు చూడండి, ఆ మాట చదవగానే నాకు రాయల్ హువా హిన్ గుర్తొచ్చింది. అది రైల్వే వాళ్లు వేసిన కోర్సే! 1924లో, అక్కడి రైల్వేలో పనిచేసే స్కాట్లండ్ ఇంజినీరు ఒకాయన గీసిన డిజైన్. థాయ్‌లాండ్‌లో మొదటి 18 హోల్స్ కోర్స్ ఇదేనంటారు. పట్టాలకి ఒక పక్క ఎరుపూ మీగడ రంగూ వేసిన పాత చెక్క స్టేషను, ఇంకో పక్క కోర్స్. మేం వెళ్లినప్పుడు మొదటి టీ దగ్గర నిలబడితే రైలు కూత వినిపించింది. అక్కడివి ఇప్పటికీ మీటర్ గేజ్ పట్టాలే. మన దగ్గర బ్రాడ్‌గేజ్‌గా మారిపోయిన లైన్లు ఆయనకి కంఠతా వచ్చి ఉంటాయి, ఇక్కడ చూస్తే ఆయనకెలా ఉంటుందో ఊహించుకోండి. కోర్స్ చివరి తొమ్మిది హోల్స్‌లో కొంచెం ఎత్తుపల్లాలున్నాయి, పైనుంచి సముద్రం కనిపిస్తుంది. మోకాలు కోసం కార్టు తీసుకోండి. వాన పడ్డ రోజున కార్టుని దారి దిగనివ్వరు, బంతి దాకా నడవాల్సి వస్తుంది. అది ముందే తెలిసుంటే మంచిది.

రెండో ఆటకి బాన్యన్ బాగుంటుంది. ఒకప్పుడు అనాస తోట అది. బ్లాక్ మౌంటెన్ అందరూ చెబుతారు, అందంగానే ఉంటుంది. కానీ నీళ్లు ఎక్కువ, బంతులు పోతుంటే పెద్దాయనకి హుషారు తగ్గుతుంది.

కాడీ సంగతి. దాదాపు అన్ని కోర్సుల్లోనూ ఆటగాడికి ఒక కాడీ తప్పనిసరి. ఎక్కువగా ఆడవాళ్లే ఉంటారు. బ్యాగ్ మోయించుకోవడానికే అనుకుంటే మొహమాటంగానే ఉంటుంది. ఆవిడ అసలు పని గ్రీన్ మీద, అంటే హోల్ చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి మీద, తెలుస్తుంది. ఆ వేడి దేశాల గడ్డి నిటారుగా పెరగదు, ఒక పక్కకి వాలి పెరుగుతుంది. వెల్వెట్ గుడ్డ మీద చెయ్యి ఒక వైపు రాస్తే నిగనిగలాడి, ఎదురు రాస్తే నల్లబడుతుంది చూడండి, అలాగే. మెరుస్తూ కనిపిస్తే గడ్డి మనకి అవతలి వైపు వాలినట్టు, బంతి జారిపోతుంది. ముదురుగా కనిపిస్తే ఎదురు వాలు, గట్టిగా కొట్టాలి. నా మొదటి ప్రయాణంలో కాడీ నన్ను హోల్ దగ్గరికి పిలిచి కూర్చోబెట్టి అంచు చూపించింది. ఒక పక్క కత్తితో కోసినట్టు ఉంది, రెండో పక్క గడ్డి ఎండి, పీచుపీచుగా ఉంది. పీచుగా ఉన్న వైపుకే వాలు. తర్వాత నా బంతి తీసుకుని తుడిచి, దాని మీది గీతని హోల్‌కి జానెడు కుడికి తిప్పి పెట్టింది. నా కంటికి నేల ఎడమకి వాలినట్టే లేదు. గీత మీద కొట్టాను, బంతి చివర్లో ఎడమకి తిరిగి లోపల పడింది. అందుకే మీ నాన్నగారికి చెప్పండి, గ్రీన్ మీద ఆవిడ మాటే వినమని. కాడీ యూనిఫాం మీద నంబర్ ఉంటుంది, పేరు కూడా అడిగి ఆ పేరుతోనే పిలవమనండి. ఆట అయ్యాక టిప్ ఆమె చేతికే ఇవ్వాలి. మేం ఒక్కొక్కరికి 400 భాట్లు ఇచ్చాం. కౌంటర్లో కట్టే కాడీ ఫీజు వేరు.

కిట్ విషయం: రెండు ఆటలకే అయితే సెట్టు అద్దెకి తీసుకోండి. బూట్లు, గ్లవ్స్, ఆయనకి అలవాటైన పటర్ (గ్రీన్ మీద బంతి కొట్టే కర్ర) పట్టుకెళ్తే చాలు. పటర్ కూడా చెక్-ఇన్ సామానులోనే వెళ్లాలి, క్యాబిన్లోకి రానివ్వరు.

జవాబు (విజయవాడ నుంచి)

నేను మీ అమ్మగారి పక్షాన రాస్తున్నానండీ. మావారు ఆడతారు, నేను ఆడను. అక్కడ కూర కదా అని తీసుకుంటే అందులో కూడా చేపల సాస్ ఉంటుంది. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో, మన కంటికి 17 అంకెలా కనిపించే గుర్తున్న కొట్లు వెతకండి. ‘జే’ అంటారు. మాంసం, చేప, గుడ్డు, వెల్లుల్లి ఏవీ వేయరు. మా అత్తగారు కూడా నిశ్చింతగా తిన్నారు. పప్పుల పొడి, ఆవకాయ ఎలాగూ తీసుకెళ్తారు. మామిడిపండుతో కొబ్బరిపాలు పోసిన జిగురన్నం పెడతారు, అది తప్పకుండా తినిపించండి. మావారు ఆడుతుంటే నేను పాత రైల్వే హోటల్ తోటలో కూర్చునేదాన్ని. 1923 నాటిది, ఇప్పుడు పెద్ద హోటల్. చెట్లని ఏనుగుల్లా, పక్షుల్లా కత్తిరించి పెంచుతారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థ్యాంక్సండీ. అంకుల్, మీ జవాబు నాన్నకి చదివి వినిపించాను. ఏప్రిల్ మానేశాం, జనవరి ఖాయం. కాడీ గురించి ఏమీ అనలేదు గానీ, పొద్దున క్లబ్బులో హోల్ అంచు వంగి చూశారట. మీటర్ గేజ్ అనగానే మాత్రం లేచి కూర్చుని, ‘బ్యాంకాక్ నుంచి కారెందుకు, రైల్లో వెళ్దాం’ అంటున్నారు. పిల్లలతో వీలవుతుందా?

జవాబు (సికింద్రాబాద్ నుంచి)

హాయిగా వీలవుతుందమ్మా. దూరం 200 కిలోమీటర్ల పైన. పగటి పూట నడిచే డీజిల్ రైల్‌కార్ ఎక్కండి, మూడున్నర, నాలుగు గంటలు పడుతుంది. ఇప్పుడు క్రుంగ్ థెప్ అఫివాట్ అనే కొత్త టెర్మినల్ నుంచి బయల్దేరుతుంది, పాత స్టేషన్‌కి వెళ్లి తిప్పలు పడకండి. హువా హిన్‌లో కూడా 2023 చివరి నుంచి రైళ్లు పైన కట్టిన కొత్త స్టేషన్లో ఆగుతున్నాయి. దిగాక పాత చెక్క స్టేషను పక్కనే ఉంటుంది. సామాను మీరు చూసుకుని, నాన్నగారిని కాసేపు అక్కడ వదిలేయండి.